తోడాల్సిన నీళ్ళు

హరికథలు నేర్పే పట్టాభి దాసుగారికి ఒక అలవాటుంది. శిష్యులు రాగం గురించి అడిగితే గంటసేపు చెబుతారు. సంసారం గురించి అడిగితే "పద, అలా ఊరెళ్ళొద్దాం" అంటారు.

ఆ ఉదయం శిష్యురాలు సుభాషిణి అడిగింది సంసారం గురించే. పద్నాలుగేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారిన మనిషి ఆమె. ఇన్నాళ్ళకు రెండు గదుల ఫ్లాటొకటి కుదిరింది. శుక్రవారంలోగా బ్యాంకులో ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టాలి. కానీ మూడు క్రెడిట్ కార్డుల మీద లక్షా అరవై వేల బాకీ ఉంది. నెలనెలా కనీస మొత్తం కట్టడం, మళ్ళీ అదే కార్డు గీకడం.

"గురువుగారూ, ముందు దరఖాస్తు పెట్టేసి, కార్డుల సంగతి తరవాత చూసుకోకూడదా? ఇల్లు చెయ్యి జారిపోతుందేమోనని భయంగా ఉంది."

"ఏటి అవతల లంక ఊళ్ళో నా హరికథ ఉంది, పద," అన్నారాయన.

గోదావరి రేవులో పడవ నిండా చీలమండ లోతు నీళ్ళున్నాయి. ఒడ్డున సిమెంటు బస్తాల ఆసామి తొందరపడుతున్నాడు. "ముందు ఎక్కించవయ్యా పోలయ్యా, దాటాక తోడుకుందువుగాని!"

పడవ నడిపే పోలయ్య తలెత్తకుండా డబ్బాతో నీళ్ళు తోడుతున్నాడు. "నీళ్ళు తోడకుండా ఎక్కిస్తే ముందు పాడయ్యేది మీ బస్తాలేనండి," అన్నాడు.

దాసుగారు పంచె ఎగగట్టి పడవలోకి దిగారు. ఒక డబ్బా సుభాషిణి చేతికిచ్చి, మేళం ఎత్తుకున్నట్టు పాట ఎత్తుకున్నారు. తాళానికి తోడారు ముగ్గురూ. ఆసామి కూడా కాసేపు గొణిగి, చెప్పులు విప్పి దిగాడు. ఒకరి నీళ్ళు ఒకరి మీద పడి అందరూ తడిసి ముద్దయి నవ్వుకున్నారు. అడుగు కనపడ్డాక పోలయ్య చిల్లు వెతికి, నార కూరి, పైన గుగ్గిలం పూశాడు. అప్పుడు ఎక్కించాడు బస్తాలు. పడవ నిబ్బరంగా సాగింది. దాసుగారు ఇంకో పాట ఎత్తుకున్నారు.

తిరిగి వచ్చిన రోజే సుభాషిణి ఫ్లాటు వద్దని కబురు పంపింది. అది వేరేవాళ్ళు కొనుక్కున్నారని తెలిసినప్పుడు ఒక పూటంతా ఏడ్చింది. తరవాత కార్డులు గీకడం మానేసింది. ఎక్కువ వడ్డీ పడే కార్డు ముందు తీర్చింది, ఆపైన రెండోది, మూడోది. సాయంత్రాలు పిల్లలకు సంగీతం చెప్పిన డబ్బంతా అందులోకే పోయింది. పదకొండు నెలలు పట్టింది. బాకీ సున్నా అని కాగితం వచ్చిన రోజున వీధిలోవాళ్ళందరికీ బూరెలు పంచింది. కొన్నాళ్ళాగి ఇంకో ఫ్లాటు చూసుకుని దరఖాస్తు పెడితే, బ్యాంకు మేనేజరు కాగితాలు తిరగేసి, "మీకు అడ్డేముందమ్మా?" అన్నాడు.

గృహప్రవేశానికి దాసుగారు వచ్చారు. గదులన్నీ తిరిగి చూసి, తూర్పు వైపు కిటికీ తలుపులు బార్లా తీసి నిలబడ్డారు.

సుభాషిణి పక్కకొచ్చి నెమ్మదిగా అంది. "ఇరవై ఏళ్ళు కట్టాలండీ గురువుగారూ. మళ్ళీ అప్పులోనే ఉన్నాను."

ఆయన మొహాన ఎండ పడుతోంది. కళ్ళు మూసుకుని నవ్వారు.

"పరవాలేదమ్మా. ఈ అప్పుకి కిటికీలున్నాయి."