గద్ద కాళ్ళు దించిన రోజు

ఒకప్పుడు గద్దకి ఎగరడం బ్రహ్మాండంగా వచ్చేది గానీ, దిగడం బొత్తిగా వచ్చేది కాదు. ఎందుకంటారా? గద్దల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎగిరేటప్పుడు కాళ్ళు పొట్ట కింద దాచుకోవాలి, తోక ముడుచుకోవాలి. కాళ్ళు కనబడ్డాయా, పరువు పోయినట్టే!

అలా నున్నగా జారిపోయే ఒంటిని గాలి ఎక్కడ ఆపుతుంది? చింతచెట్టు మీద దిగుదామనుకున్న గద్ద రెండు చేల అవతల దిబ్బ మీద దిగేది. దిగి, "నేను ఇక్కడికే వచ్చాను" అనేది.

ఒక తల్లిగద్ద తాటిచెట్టు మీద గూడు కట్టింది. గూట్లో ఒక్కటే పిల్ల. దానికింకా రెక్కలు రాలేదు. గాలి లేని రోజుల్లో తల్లి ఎలాగో గూటికి చేరేది. ఒకరోజు చేప పట్టుకుని తిరిగొచ్చేసరికి పైరగాలి జోరందుకుంది.

మొదటిసారి గూడు దాటిపోయింది. రెండోసారీ అంతే. రెక్కలు ముడిస్తే రాయిలా పడుతోంది, చాస్తే గాలి పైకి ఎత్తేస్తోంది.

"కాస్త ఆగవా పైరగాలీ!" అని బతిమాలింది.

"ఆగితే నేను గాలినెలా అవుతానమ్మా? రెక్క చాస్తే ఎత్తడమే నా పని" అంది గాలి.

పిల్ల ఆకలితో నోరు తెరుచుకుని గూటి అంచుకు పాకింది. తల్లి దాటిపోయినప్పుడల్లా ఇంకాస్త ముందుకు వంగుతోంది. ఈసారి కూడా తప్పితే పిల్ల కింద పడిపోతుంది.

చేనుగట్టు మీంచి కొంగ అరిచింది. "వదినా, కాళ్ళు దించు! నేనలాగే దిగుతాను. కాళ్ళకి గాలి తగిలి వేగం తగ్గుతుంది!"

"కాళ్ళు వేలాడేసుకునా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వితే నవ్వారు. పిల్ల పడితే ఆ నలుగురూ తెచ్చిస్తారా?"

తల్లి గాలికి ఎదురు తిరిగింది. సిగ్గు మింగేసి కాళ్ళు కిందికి దించింది. తోకని విసనకర్రలా విప్పింది. వేగం చప్పున తగ్గింది.

"అయ్యయ్యో, కాళ్ళు! కాళ్ళు!" అని పక్కచెట్టు మీది గద్దలు కిసుక్కున నవ్వాయి. తల్లి అటు చూడనే లేదు. మెల్లగా దిగి, జారబోతున్న పిల్ల పక్కనే వాలి, రెక్కతో లోపలికి తోసింది. చేపముక్క దాని నోట్లో పెట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది తల్లికి.

నవ్విన గద్దలు సాయంత్రానికి నవ్వడం మానేశాయి. వాటికీ గూళ్ళున్నాయి, గూళ్ళలో పిల్లలున్నాయి మరి.

అప్పటినుంచే ప్రతి గద్దా వాలేముందు కాళ్ళు దించి, తోక విప్పుతుంది. పైన ఎంత దర్జాగా తిరిగినా, ఇంటికొచ్చేటప్పుడు మాత్రం పరువు చూసుకోదు.