నెట్టుకొచ్చిన బస్సు

చురుకుపాలెంలో గవర్రాజు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల లేరని గవర్రాజే చెప్పేవాడు. "చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకోవడమే తెలివి!" అనేవాడు. తమ్ముడు అప్పలకొండ, బావమరిది సన్యాసయ్య తలలూపేవారు.

గవర్రాజు పెళ్ళాం నూకాలుకి కళ్ళలో శుక్లాలు. చూపు ఆనక మొన్న దూడకి పెట్టాల్సిన కుడితి మొగుడి ముందు పెట్టింది. అతను తాగేశాడు కూడా. పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్‌కి రమ్మన్నారు. వెళ్దామంటే బస్సు రాదు. ఒకరోజు వస్తే వారం రాదు.

గవర్రాజు తమ్ముణ్ణీ బావమరిదినీ వెంటేసుకుని పట్నంలో డిపోకి నడిచాడు.

"అయ్యా, మా ఊరి బస్సేదీ?"

"బస్సుకేం, అదుగో ఉంది. డ్రైవర్లే దొరకడం లేదు. పైనుంచి ఇవ్వడం లేదు," అన్నాడు మేనేజరు.

సన్యాసయ్య పైకి చూశాడు. తిరగని ఫ్యాను తప్ప ఏమీ లేదు.

"పైన లేకపోతే కిందే ఎక్కడో తప్పిపోయుంటారు. పదండ్రా!" అన్నాడు గవర్రాజు.

అంతే! తుప్పల్లో కర్రలు పెట్టి పొడిచారు. కాలవలో వల వేశారు. బావుల్లోకి తొంగిచూసి "ఓ డ్రైవరూ!" అని కేకలేశారు. చివరికి డిపో వెనక మామిడితోపులో ఖాకీ చొక్కా మనిషొకడు గుర్రుపెడుతూ కనిపించాడు. ఇంకేముంది, పలుపుతాడుతో కట్టి మోసుకొచ్చి మేనేజరు బల్ల మీద పడేశారు. అంత మోసినా ఆ మనిషి మేలుకోలేదు.

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. "మీ తెలివి తగలెయ్య! మాకు మిగిలింది ఈ ఒక్కడేరా! రాత్రీపగలూ బండి నడిపి నడిపి ఇప్పుడే కన్ను మూశాడు!"

"అయ్యయ్యో! కన్ను మూశాడా!" అప్పలకొండ గొల్లుమన్నాడు. గవర్రాజుకీ గుండె తరుక్కుపోయింది. తమ ఊరి బస్సు కోసం ఒక మనిషి పోవడమా! పోయినవాడికి మర్యాద చెయ్యొద్దూ? మేనేజరు టీ తాగి వచ్చేసరికి పాడె కట్టేశారు, దండ వేసేశారు, డప్పు కూడా మొదలెట్టారు. డప్పుకి డ్రైవరు కళ్ళు తెరిచాడు. పాడె చూశాడు, దండ చూశాడు.

"సెలవడిగితే ఇదా మీరిచ్చేది? నాకీ ఉద్యోగమే వద్దు బాబోయ్!" అని పాడె మీంచి దూకి ఒకటే పరుగు.

"ఇక బస్సెలా అయ్యా?" అన్నాడు గవర్రాజు.

మేనేజరుకి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాం. ఇక మీరే నెట్టుకోండి!"

గవర్రాజు మొహం వెలిగిపోయింది. "నెట్టుకొస్తున్నారట్రా! అందుకే ఇంతాలస్యం!"

అంతే! సన్యాసయ్య స్టీరింగు పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ వెనక నెట్టారు. స్టాండులో పొద్దుట్నించీ పడిగాపులు పడుతున్న జనం, బస్సు కదలడమే మహాభాగ్యమనుకుని, నడిపేదెవరని అడక్కుండా ఎక్కేశారు. కాసేపు దిగి నెట్టారు కూడా. అలవాటే కదా!

ఎలాగైతేనేం బస్సు చురుకుపాలెం చేరింది. జనం దిగి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. గవర్రాజు నూకాల్ని ఎక్కించి, "పట్నం వచ్చేవాళ్ళంతా ఎక్కండి!" అని అరిచాడు. తమ్ముడూ పట్నం వచ్చేవాడే, ఎక్కాడు. గవర్రాజూ ఎక్కాడు.

"రైట్, రైట్!"

నెట్టేవాడెవడూ కింద లేడు. బస్సు కదల్లేదు. ఇంతలో పక్కనించి గొర్రెలమంద ఒకటి వెనక్కి సాగిపోయింది.

"ఏటయ్యా, కదిలిందా?" అంది నూకాలు.

"గొర్రెలెలా వెనకబడిపోతున్నాయో చూడవే! గాల్లో పోతున్నాం!"

మంద అయిపోయింది. "పట్నమొచ్చింది, దిగండి! డ్రైవరు లేకపోతేనే తొందరగా వచ్చాం!" అంటూ గవర్రాజు పెళ్ళాం చెయ్యి పట్టుకు దింపాడు. నాలుగడుగులేస్తే ఎదురుగా పెంకుటిల్లు. ఎక్కడో చూసినట్టే ఉంది. తలుపుకి తాళం.

"డాక్టరుగారూ! డాక్టరుగారూ!" గవర్రాజు తలుపు బాదాడు. ఎవరూ పలకలేదు. అతనికి నిజంగానే కోపమొచ్చింది.

"బస్సుకి డ్రైవరు లేడు. ఆసుపత్రికి డాక్టరు లేడు. ఏం పాడుకాలమే ఇది! అయినా రాకపోతాడా, కూర్చో," అని పెళ్ళాన్ని తమ ఇంటి గుమ్మం ముందే కూర్చోబెట్టి, వెనక తమ్ముణ్ణీ బావమరిదినీ వరసలో నిలబెట్టాడు.