ఉడుత తుర్రమ్మ దాచుకున్న లెక్క

అనగనగా ఒక అడవిలో ఒక గుట్ట, ఆ గుట్ట మీద ఒక గుహ ఉండేవి. ఆ గుహ నల్లవ్వది. నల్లవ్వ అంటే ఎవరో అనుకునేరు, ముసలి ఎలుగుబంటి! ఆవిడ గొంతు వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మనసు మాత్రం వెన్నపూస.

గుట్ట కింద ఒక వాగు. ఎండాకాలమంతా కిక్కురుమనకుండా పడి ఉండేది. వానలు పడ్డాయో, ఇక దాని ఆర్భాటం చూడాలి! ఒడ్డున ఉన్న బొరియలూ పొదలూ అన్నీ మునగాల్సిందే. అందుకని వానాకాలం నాలుగు నెలలూ కింద ఉండేవాళ్ళంతా గుట్టెక్కి నల్లవ్వ గుహలో సర్దుకునేవాళ్ళు.

ఎవరెవరంటారా? నలుగురు. ఒక్కచోట కుదురుగా నిలవని ఉడుత తుర్రమ్మ. ఆకు కదిలినా ఉలిక్కిపడే కుందేలు దూదమ్మ. ఏది అడిగినా కాసేపాగి జవాబు చెప్పే తాబేలు బండయ్య తాత. ఇక నాలుగోవాడు కొండముచ్చు గవరయ్య. అడవిలో లెక్కలు వచ్చింది తనకొక్కడికేనని గవరయ్యకి గట్టి నమ్మకం. తోక పైకెత్తి నడిచేవాడు పాపం.

అయితే గుహలోకి ఊరికే వచ్చేయడానికి వీల్లేదు. నల్లవ్వ ఒక కట్టుబాటు పెట్టింది.

"నాలుగు నెలలు ఒకే చూరు కింద ఉంటారు. మీరు కీచులాడుకుంటే ఈ వయసులో నేను పడలేను. అందుకని గుహలోకి వచ్చే ముందు ప్రతి ఒక్కరూ మిగతా ప్రతి ఒక్కరితో ఒకే ఆకులో తినాలి. ఏ ఇద్దరు మిగిలిపోయినా నేను ఒప్పుకోను" అంది.

దాన్ని వాళ్ళు పొత్తు అనేవాళ్ళు. రోజుకి ఒకే పొత్తు. ఆ రోజు వంతు వచ్చిన ఇద్దరూ పొద్దున్నే కలిసి వెళ్ళి తినేవి ఏరుకొచ్చేవాళ్ళు. కలిసి మోదుగాకులతో విస్తరి కుట్టేవాళ్ళు. గుహ ముందు బండ మీద ఎదురెదురుగా కూర్చుని ఒకే విస్తట్లో తినేవాళ్ళు. మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు. పొత్తు ముగిశాక పట్టులోంచి తీసిన తేనె నల్లవ్వ ఇద్దరికీ చెరొక దొప్పెడు పోసేది. సారపప్పు, తునికిపండ్లు, ఎండబెట్టిన ఇప్పపూలు, ఆపైన తేనె! ఏంట్రా, మీకూ నోరూరుతోందా? నాకూ ఊరుతోందిలే.

ఎవరు ఎవరితో తినాలో గవరయ్యే ఎర్రటి జాజుముక్కతో బండ మీద గీతలు గీసి చెప్పేవాడు.

"మనం నలుగురం. ఒక్కొక్కరూ మిగతా ముగ్గురితో తినాలి. నాలుగు మూళ్ళు పన్నెండు. పన్నెండు పొత్తులు, పన్నెండు రోజులు!" అనేవాడు.

అలాగే ఏటా మృగశిర కార్తెకి సరిగ్గా పన్నెండు రోజుల ముందు పొత్తులు మొదలయ్యేవి. కార్తె రావడం, వానలు పడడం, అందరూ గుహలో చేరడం. అంతా సాఫీగా సాగిపోయేది.

ఇక్కడే ఒక తమాషా ఉంది పిల్లలూ. కిందటేడు తుర్రమ్మకి అది తెలిసిపోయింది. ఒకరోజు దూదమ్మకి ఎదురుగా కూర్చుని సారపప్పు కొరుకుతూ కొరుకుతూ ఆగిపోయింది.

"ఇదేంటి! మొన్ననే కదా దూదక్కతో తిన్నాను? ఆ రోజు గవరయ్య మామ 'దూదమ్మ, తుర్రమ్మ' అని పిలిచాడు. ఇవాళ 'తుర్రమ్మ, దూదమ్మ' అని పిలిచాడు. ఆ ఇద్దరం మేమే, ఆకూ అదే!" అనుకుంది.

అడుగుదామని నోరు తెరిచింది. అంతలో నల్లవ్వ తేనె పట్టుకొచ్చింది. తుర్రమ్మ గప్‌చుప్‌గా నోరు మూసుకుంది. ఎందుకు మూసుకోదు? రెండుసార్లు కూర్చుంటే రెండు దొప్పల తేనె! ముగ్గురితో రెండేసి సార్లు, మొత్తం ఆరు విందులు. ఆ లెక్క సరిచేస్తే మూడే మిగులుతాయి. పైగా గవరయ్య తప్పు పట్టడమంటే తేనెటీగల పట్టులో వేలు పెట్టడమే.

అలా ఏడాది గడిచింది. మళ్ళీ పొత్తులు మొదలుపెట్టే రోజు వచ్చింది. బండ మీద అందరూ చేరారు. అంతలో కిందనుంచి ఎవరో ఆయాసపడుతూ గుట్టెక్కి వచ్చారు. చూస్తే ఒక ముళ్ళపంది! వెనకాల ఇద్దరు బుల్లి పిల్లలు.

"నా పేరు కోటమ్మండి. అవతలి అడవిలో నిప్పంటుకుంటే పిల్లల్ని తీసుకుని ఇటు వచ్చేశాను. వాగొడ్డున బొరియ తవ్వుకున్నాను. వానలకి అది మునిగిపోతుందట కదండీ? ఈ ఒక్క వానాకాలం మాకూ కాస్త చోటిస్తారా?" అంది.

"అయ్యో, దానికేం భాగ్యం తల్లీ! గుహలో చోటుకేం తక్కువ? పాలు తాగే పిల్లలకి పొత్తు అక్కర్లేదు. నువ్వు మాత్రం ఈ నలుగురితోనూ తినాలి, అంతే. గవరయ్యా, లెక్క చెప్పు!" అంది నల్లవ్వ.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. బండ మీద గీతలు గీశాడు. గీసిన కొద్దీ మొహం వాడిపోయింది.

"అవ్వా, ఇప్పుడు మనం ఐదుగురం. ఒక్కొక్కరూ నలుగురితో తినాలి. ఐదు నాలుగులు ఇరవై. ఇరవై రోజులు కావాలి. మృగశిరకి పన్నెండు రోజులే ఉన్నాయి" అన్నాడు.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ముగ్గురేసి కూర్చుంటే?" అంది దూదమ్మ.

"మూడో మూతి పెడితే అది పొత్తు కాదు, సంత" అంది నల్లవ్వ.

"రోజుకి రెండు పొత్తులు కానిస్తే?" అన్నాడు గవరయ్య.

"ఒక పొత్తు చూస్తూ ఇంకో పొత్తు ఎవరు చూస్తారు? నాకున్నవి రెండు కళ్ళే" అంది నల్లవ్వ.

బండయ్య తాత చాలాసేపు ఆలోచించాడు. అందరూ ఆశగా ఆయన వైపే చూశారు.

"వానని ఎనిమిది రోజులు ఆగి రమ్మంటే?" అన్నాడు తాత.

ఇంకోరోజైతే అందరూ పడీపడీ నవ్వేవాళ్ళే. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

కోటమ్మ తల దించుకుంది. "నా వల్ల మీ పొత్తులు చెడిపోవడం ఎందుకండీ? ఇంకెక్కడైనా చూసుకుంటాంలే. పదండమ్మా" అని పిల్లల్ని ముందుకు తోసింది. పిల్లల్లో చిన్నది వెనక్కి తిరిగి గుహ వైపు చూస్తూ చూస్తూ దిగసాగింది.

తుర్రమ్మ ఆ చిన్నదాన్నే చూసింది. ఆ లెక్క తప్పని తెలిసింది తనొక్కదానికే! చెబితే ఆరు విందులు నాలుగైపోతాయి. గవరయ్య మామ జన్మలో మాట్లాడడు. చెప్పకపోతేనో? ఎప్పట్లాగే నలుగురూ తింటారు, తేనె తాగుతారు. వాన పడుతుంది. ఆ చిన్నది కింద బొరియలో ఉంటుంది. తుర్రమ్మ ఇక నిలవలేకపోయింది.

"కోటమ్మక్కా, ఆగు!" అని అరిచింది. అరిచిన అరుపుకి దూదమ్మ మూరెడు ఎత్తు ఎగిరిపడింది.

"గవరయ్య మామా, కోప్పడకు. నీ లెక్కలో తప్పుంది" అంది తుర్రమ్మ.

"ఏంటీ! ఐదు నాలుగులు ఇరవై కాదా?" అన్నాడు గవరయ్య, కళ్ళు పెద్దవి చేసి.

"ఇరవయ్యే మామా. నీ ఎక్కాలకి వంక పెట్టడానికి నేనెంతదాన్ని? కానీ ఒక్కమాట చెప్పు. నేనూ దూదక్కా ఒకే ఆకులో తిన్నాం. నేను దూదక్కతో తిన్నట్టా? దూదక్క నాతో తిన్నట్టా?"

"రెండూ!" అన్నాడు గవరయ్య.

"మరి ఎన్నిసార్లు తిన్నాం?"

"ఒక్క... సారి" అన్నాడు. బండ మీది గీతల వైపు చూశాడు.

"అయినా బండ మీద రెండు గీతలు గీశావు. నా పేరు కింద ఒకటి, దూదక్క పేరు కింద ఇంకొకటి."

ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. "ఇలా కాదు. అందరూ వరసగా నిలబడండి. ముక్కూ ముక్కూ రాసుకుందాం. ఒక ముక్కు రాసుకోవడం ఒక పొత్తు అనుకోండి. అవ్వా, నువ్వు లెక్కపెట్టు" అంది తుర్రమ్మ.

ముందు తనే వెళ్ళి దూదమ్మ ముక్కుకి ముక్కు రాసింది. తర్వాత బండయ్య తాతకి. తర్వాత గవరయ్యకి. తర్వాత కోటమ్మకి.

"నాలుగు" అంది నల్లవ్వ.

"నాది అయిపోయింది. ఇప్పుడు నువ్వు రా దూదక్కా. నాతో మళ్ళీ రాసుకోనక్కర్లేదు, ఇందాక అయింది కదా?"

దూదమ్మ తాతతో రాసుకుంది. గవరయ్యతో రాసుకుంది. కోటమ్మ దగ్గరికి వచ్చేసరికి "అమ్మో, ముళ్ళు!" అని వెనక్కి తగ్గింది.

"ముళ్ళన్నీ వీపు మీదే తల్లీ. మూతి మెత్తనే" అంది కోటమ్మ నెమ్మదిగా. దూదమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ముక్కు ముందుకి చాపింది. తగిలాక ఒక కన్ను తెరిచి, "నిజమే! మెత్తగా ఉంది!" అని కిలకిలా నవ్వింది.

"మూడు. నాలుగూ మూడూ ఏడు" అంది నల్లవ్వ.

తాతకి మిగిలింది ఇద్దరే. గవరయ్య, కోటమ్మ. తాత మెడ బయటికి చాపి రాసుకునేసరికి సగం పూట పట్టిందనుకోండి. తొమ్మిది. గవరయ్యకి కోటమ్మ ఒక్కతే మిగిలింది.

"పది!" అని గట్టిగా అరిచింది నల్లవ్వ.

"ఇక నీ వంతు కోటమ్మక్కా. నువ్వు ఎవరెవరితో రాసుకోవాలో రాసుకో" అంది తుర్రమ్మ.

కోటమ్మ ఇటు తిరిగింది. తుర్రమ్మతో అయింది. అటు తిరిగింది. దూదమ్మతో, తాతతో, గవరయ్యతో అన్నీ అయ్యాయి.

"నాకెవరూ మిగల్లేదండీ. అందరితోనూ అయిపోయింది" అంది. అనేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి సంతోషంతో.

పదే పొత్తులు. చేతిలో పన్నెండు రోజులు. దూదమ్మ గంతులేసింది. గవరయ్య మాత్రం తల కొట్టేసినట్టయి ఉన్నపళాన చెట్టెక్కేశాడు. అందరికీ వీపు చూపించి కూర్చున్నాడు. కాసేపటికి తోక కదిలింది. ఇంకాసేపటికి తనే కిందికి దిగి వచ్చాడు. జాజు గీతల్ని అరచేత్తో తుడవడం మొదలుపెట్టాడు. ఒక గీత ఉంచాడు, దాని జోడు గీత చెరిపాడు. ఇంకోటి ఉంచాడు, దాని జోడు చెరిపాడు. చివరికి పది గీతలు మిగిలాయి.

"తప్పు నాదే అవ్వా. ప్రతి జతనీ రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవైలో సగమే. ఇన్నేళ్ళుగా మీచేత ఒక్కో పొత్తు రెండేసి సార్లు తినిపించాను" అన్నాడు.

అప్పుడు తుర్రమ్మ ముందుకొచ్చింది. "తప్పు నాది కూడా. నాకు కిందటేడే తెలుసు. తేనె కోసం నోరు మూసుకున్నాను" అంది.

దూదమ్మ చెవులు వాలిపోయాయి. "నాకూ ఒకసారి అనుమానం వచ్చిందిలే. ఇప్పపూలు బాగున్నాయని అడగలేదు" అంది సిగ్గుపడుతూ.

అందరూ బండయ్య తాత వైపు తిరిగారు. తాత కాసేపాగి, "నాకు తొమ్మిదేళ్ళ కిందటే తెలుసు" అన్నాడు.

ఇక చూడండి నవ్వులు! గవరయ్యే అందరికంటే గట్టిగా నవ్వాడు. నల్లవ్వ పొట్ట పట్టుకుని, "ఓరి మీ తిండి తగలెయ్య! ఏటా నా తేనె అంతా ఏమైపోతోందా అనుకున్నాను!" అంది.

మర్నాటి నుంచే పొత్తులు మొదలయ్యాయి. కోటమ్మకి భూమిలో దుంప ఎక్కడుందో వాసనతోనే తెలుస్తుంది. ఆవిడ తవ్వి తెచ్చిన దుంపలు తిని గవరయ్య విస్తరి కూడా నాకేశాడు. తుర్రమ్మకి ఆ ఏడాది వచ్చింది నాలుగు విందులే. నాలుగు దొప్పల తేనే. అయినా ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు.

పదో రోజు పొత్తు ముగిసింది. నల్లవ్వ తేనె పోస్తుండగానే ఉరిమింది. కార్తె రాకుండానే, రెండు రోజుల ముందే, కుండపోతగా వాన పట్టుకుంది. అందరూ ఒక్క పరుగున గుహలో పడ్డారు. తెల్లారి చూస్తే కింద వాగు ఒడ్డే కనపడలేదు. కోటమ్మ బొరియ ఉన్నచోట ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. కోటమ్మ అది చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. పక్కన కూర్చున్న తుర్రమ్మ మూతికి తన మూతి ఆనించి అలాగే ఉండిపోయింది.

వెనకనుంచి గవరయ్య గొంతు వినపడింది. "వచ్చే ఏటికి ఈ పిల్లలు కూడా పొత్తుకి కూర్చుంటారు. అప్పుడు ఏడుగురం. ఏడు ఆర్లు నలభై రెండు..."

"సగం మామా, సగం!" అని గుహంతా ఒక్కసారిగా అరిచింది.

మీరూ అరిచారా? శభాష్! అయితే ఎన్ని పొత్తులో ఆ అంకె మీరే చెప్పండి.

నీతి: మన నోట్లో ఉన్న నిజం ఇంకొకరికి నీడ ఇస్తుందంటే, మన వంతు ముద్ద తగ్గినా సరే, దాన్ని చెప్పేయాలి.