వరుస చూసి చేరిన ఉడుత

ఇప్పలకోన అడవిలో ఒక ఉడుత తనకు పనికిరాని చదువులో చేరింది. తప్పు ఎవరిదంటే, చేరింది తనే కాబట్టి తనదే.

ఆ అడవిలో కుందేళ్లు, ఏదుపందులు, కోతులు, దుప్పులు ఉండేవి. ఏటా తొలకరికి ముందు పిల్లలంతా ఒక చదువు ఎంచుకోవాలి. పెద్ద మద్దిచెట్టు కింద ఎలుగుబంటి వైద్యానికి పేర్లు రాసుకునేది. ఎండలో బండ మీద కూర్చుని ముసలి కాకి వర్తకానికి రాసుకునేది.

ఉడుతకు వర్తకమంటే ప్రాణం. ఎవరి దగ్గర ఏది మిగిలిందో, ఎవరికి ఏది కావాలో దానికి తెలుసు. కోతుల ఉసిరికాయలు ఏదుపందికి ఇప్పించేది. ఏదుపంది తవ్విన దుంపలు కోతులకు ఇప్పించేది.

చేరే రోజున వైద్యం వరుస వాగు దాకా సాగింది. కాకి ముందు ఏదుపంది ఒక్కటే నిలబడి ఉంది.

"మన వంశంలో ఒక్క వైద్యుడూ లేడే తల్లీ" అన్నాడు తండ్రి ఉడుత.

"నువ్వు లేకపోతే నాకేం తోచదు. ఇటు రావే" అంది స్నేహితురాలు కుందేలు.

ఇంతమంది నిలబడ్డారంటే ఏదో ఉండే ఉంటుందనుకుని ఉడుత ఆ వరుసలో చేరింది.

ఏదుపంది మాత్రం కాకిని అడిగింది. "రోజంతా ఏం చేయిస్తావు తాతా?"

"సంతలో తిప్పుతాను. బేరాలు వినాలి. నలుగురితో మాట పడాలి."

"కాళ్లు నొప్పులు పుడతాయా?"

"పుడతాయి."

"పుడితే పుట్టనీ. రాసుకో."

వైద్యబడి కొండ మీద ఉంది. ఆకులు నూరుతుంటే కింద వాగు ఒడ్డున సంత కనిపించేది. ఉడుత చేయి ఆగిపోయేది. "ఇవాళ ఉసిరి బాగా దిగింది. దుంపలు ఎవరూ తేలేదు" అని గొణిగేది. అందరూ ఇళ్లకు పోయి ఒడ్డు ఖాళీ అయ్యేదాకా అలాగే చూసేది.

ఒకనాడు అలా చూస్తూ, కడుపునొప్పి ఆకుకు బదులు విరేచనాల ఆకు నూరింది. అది తాగిన దుప్పి మూడు రోజులు పొద దాటలేదు.

ఎలుగుబంటి కోప్పడలేదు. "వైద్యంలో ఎందుకు చేరావమ్మా?" అని అడిగింది.

"వరుస పొడవుగా ఉందని."

ఎలుగుబంటి నిట్టూర్చింది. "అందులో సగంమంది నీడ కోసం నిలబడ్డారు. నేను పేరు అడిగితే మొహమాటానికి చెప్పారు."

ఏడాది తిరిగింది. ఏదుపంది అప్పటికే సంతలో సొంతంగా బేరాలు కుదురుస్తోంది. దాని మాటంటే అందరికీ గురి.

"నాన్నా, నేను కాకి దగ్గర చేరుతున్నాను" అంది ఉడుత.

"ఏడాది పోయింది కదే."

"పోయింది. రెండోది పోనివ్వను."

"చిన్నపిల్లల పక్కన కూర్చుంటావా? సిగ్గు కాదూ?" అంది కుందేలు.

"సిగ్గే" అంది ఉడుత. వెళ్లి చేరింది. ఆ చదువు సాగిన మూడేళ్లూ ఆ చిన్నపిల్లల పక్కనే కూర్చుని చదివింది. ఒక్కనాడూ మానలేదు.

నీతి: ఒక చదువుకు ఎంతమంది పోతున్నారో చూసి కాదు, ఆ పని రోజూ చేయడానికి మనసు ఒప్పుతుందో లేదో చూసి చేరాలి.