గట్టిగా చేసిన ప్రార్థన

దయామణమ్మగారిని ఏదన్నా అడగాలంటే పేటలో ఆడవాళ్ళకి కాస్త జంకు. ఆవిడ కోప్పడే మనిషి కాదు. కాకపోతే అడిగినదానికి అక్కడికక్కడ జవాబు చెప్పరు. "మీ ఇంటికొస్తాలే" అంటారు. వచ్చాక ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలమ్మగా ఊరూరా తిరిగిన మనిషి. గడపలో కాలుపెట్టగానే ఆ ఇంటి సంగతి ఆవిడకి తెలిసిపోతుందని పాస్టరుగారే అనేవారు.

ఆవిడ దగ్గర వాక్యం నేర్చుకున్నవాళ్ళలో రాహేలమ్మది ముందువరస. పొగాకు షెడ్డులో ఆకు ఏరే ఆడవాళ్ళకి ఆమె మేస్త్రీ. పనిలోకి దిగేముందు అందరినీ నిలబెట్టి ప్రార్థన చేస్తుంది. ఇంట్లో తెల్లారగానే కుటుంబ ప్రార్థన, ఒళ్ళు కాలిపోతున్నా మానదు. అలాంటి రాహేలమ్మ ఒక శుక్రవారం ఉపవాస కూటం అయ్యాక, చాపలు చుట్టే వంకన వెనక ఉండిపోయి, అందరూ వెళ్ళాక అమ్మగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"మా కోడలు కెజియా రెండు నెలల్నించీ ప్రార్థనలో కూర్చోవడం లేదండి అమ్మగారూ. పిలిస్తే వంటింట్లో పనుందంటది. విశ్వాసుల ఇంటి పిల్లని ఏరికోరి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా కొడుకేమో వేరే ఇల్లు చూసుకుంటామంటున్నాడు. ఉన్న ఒక్క కొడుకండి. ఆ పిల్ల మనసు దేవుడివైపు తిరగాలంటే నేనేం చెయ్యాలి? ఇంకో రోజు ఉపవాసం ఉండమంటారా?"

"రేపు పొద్దున మీ ప్రార్థన వేళకి వస్తాలే," అన్నారు అమ్మగారు.

తెల్లారేసరికి రాహేలమ్మ ఇల్లు ఊడ్చి, పెట్టెలోంచి కొత్త చాప తీసి పరిచింది. కొడుకు ఇమ్మానియేలు కళ్ళు నులుముకుంటూ వచ్చి చాప అంచున కూర్చున్నాడు. అడ్డగోడ అవతల వంటింట్లో కెజియా క్యారేజీలకని వంకాయలు తరుగుతోంది. ఇటు రాలేదు. చూశారా అన్నట్టు రాహేలమ్మ అమ్మగారివైపు కళ్ళెగరేసింది.

అమ్మగారు చాప దాటుకుని తిన్నగా వంటింట్లోకి నడిచారు. "కాస్త జరుగు తల్లీ, నాకూ ఓ పీట వెయ్యి."

"అదేందమ్మగారూ, అక్కడ కూర్చుంటారా! మీకోసమని చాపేశాను కదండీ!"

"నాకిక్కడ బాగానే ఉంది. నువ్వు కానియ్యి రాహేలూ. నేనొచ్చానని కొత్తగా ఏం చెయ్యబాకు. రోజూ చేసేదే చెయ్యి."

రాహేలమ్మ ముసుగేసుకుని మోకరించింది. ప్రార్థన ఆమెకి దేవుడిచ్చిన వరమని పేటంతా అంటారు. రాత్రంతా రెక్కల చాటున దాచినందుకు స్తోత్రం చెప్పింది. పాస్టరుగారి కుటుంబాన్ని, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని, వానల్లేక ఎండిన చేలని పేరుపేరునా తలుచుకుంది. అక్కడినుంచి ప్రార్థన తనకి అలవాటైన దోవ పట్టింది, గొంతూ పెరిగింది.

"ప్రభువా, ఈ ఇంట్లో ఒక బిడ్డ ఉందయ్యా. పొద్దెక్కినా లేవని ఆ మొద్దునిద్ర తీసెయ్యి తండ్రీ. నిన్న పప్పులో ఉప్పు కుమ్మరించి, ఇదేందని అడిగితే మూతి ముడిచింది చూశావా, ఆ గర్వాన్ని విరగ్గొట్టు. రోజుకి మూడుసార్లు వాళ్ళమ్మకి ఫోన్లు చేసి ఈ ఇంటి గుట్టు..."

గుట్టు దగ్గర ఆమె నాలుక ఆగిపోయింది. గోడ అవతల అమ్మగారున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఈ మాటలు ఆవిడ చెవిన కూడా పడుతున్నాయి. వినేవాళ్ళకి అవి ఎట్లా ఉంటాయో రాహేలమ్మకి మొదటిసారి తెలిసొచ్చింది. షెడ్డులో ప్రార్థనకి నిలబడగానే ఆడవాళ్ళు, "ఇయ్యాల ఎవరి వంతే అక్కా?" అని మోచేతులతో పొడుచుకోవడం కూడా గుర్తొచ్చింది. అది ఏదో వేళాకోళం అనుకుంది ఇన్నాళ్ళూ.

ప్రార్థన మధ్యలో ఎవరూ ఎదురు మాట్లాడకూడదు. కళ్ళు తెరవకూడదు. అయిపోయాక ఆమేన్ అనాలి. కాపురానికొచ్చిన మూడేళ్ళూ ఆ పిల్ల, ప్రార్థన పేరుతో పడిన తిట్లన్నిటికీ తలొంచుకుని ఆమేన్ అంది. మానేసి రెండు నెలలే అయింది.

"యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ," అని రాహేలమ్మ గబగబా ముగించింది. ఎవరూ ఆమేన్ అనలేదు. ఇమ్మానియేలు చాప ఈనెలు గిల్లుతూ కూర్చున్నాడు. గోడ అవతల కుక్కరు ఒక్కటే కూత పెట్టింది.

ఆమె లేచి, తడబడుతూ వంటింటి దాకా వెళ్ళింది. కత్తిపీట పక్కకి జరిపి ఉంది. కెజియా కొంగు తలనిండా కప్పుకుని, వంకాయ కసరుకి నల్లబడిన చేతులు జోడించుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. అవి ఆగేదాకా అమ్మగారు చూస్తూ ఉన్నారు.

"రోజూ ఇట్లాగే ముసుగేసుకుంటావా తల్లీ?"

"ప్రార్థన కదండీ," అంది కెజియా అత్తవైపు చూడకుండా. "అక్కడ కూర్చుంటే ఆమేన్ అనాలండి. అనబుద్ధి కాక ఇటొచ్చాను. అత్తమ్మది అయిపోయాక నాది నేను చేసుకుంటా."

"దేనికోసం చేసుకుంటావు?"

కెజియా కొంగు కొస వేలికి చుట్టుకుంది. "వేరే ఇంటికి పోయినా అత్తమ్మ మీద నాకు కోపం ఉండకూడదని."

రాహేలమ్మకి పదిమందిలో కొంగు జారినట్టయింది. కోడలి ముందు నేలమీద కూర్చుంది. ఏదో ఒకటి అనాలి. "కెజియా" అని పిలవబోయింది. ఆ పేరు నోటికి రాలేదు. రోజూ అలవాటైనదే వచ్చింది. ముసుగు ముందుకి లాక్కుంది, చేతులు జోడించింది, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ప్రభువా, ఈ పాపాత్మురాల్ని క్షమించు తండ్రీ. ఈ బిడ్డ నన్ను వదిలిపోకుండా నువ్వే..."

జోడించిన ఆ చేతులమీద అమ్మగారు తన చెయ్యి వేశారు.

"ఆయన కాసేపు ఆగుతాడులే రాహేలూ. ముందు కళ్ళు తెరువు."