ఎలుగుబంటికి కొట్టిన గాలి

జీలుగుమెట్ట అడవిలో రెండు పేటలు. కింద వాగు పక్కన బరువైన జంతువుల పేట. పైన, మబ్బులు తగిలే చోట అడవికోళ్ళ పేట. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క దారి. రాళ్ళు, వేళ్ళు, ఎక్కుడు, దిగుడు, అన్నిటికీ మించి మెట్లబండ. ఏడు మెట్లుగా విరిగిన నల్లరాయి అది. దాని అంచునే దూలగొండి పొద. ఆ కాయల నూగు ఒంటికి అంటిందా, మూడు రోజులు గోక్కోవడమే పని.

ఆ దారిన కోళ్ళ పేటకు మందు మోసేది మేక దాలమ్మ. వానలు మొదలైతే కోడిపిల్లలకు తెగులు తగులుతుంది. కింద తాబేలు వైద్యుడు నూరిన మందు ఏ పూటకాపూట పైకి చేరకపోతే పిల్లలు తలలు వాల్చేస్తాయి. నాలుగేళ్ళలో దాలమ్మ ఒక్క పూట తప్పలేదు. ఆమె సైకిలు పాత ఇనప సైకిలు. గంట తప్ప అన్నీ మోగుతాయి దానికి.

కోళ్ళ పేట చుట్టూ ముళ్ళకంచె. దాని తలుపు మందుబండి వచ్చినప్పుడే తీస్తారు. ఈ కట్టుబాటు గురించి విన్నప్పటి నుంచీ నక్క గవిరెయ్యకు అన్నం సహించడం లేదు.

ఆ వానాకాలం గవిరెయ్య టోపీ పెట్టుకుని, కొత్త సైకిలొకటి తోసుకుంటూ వాగు ఒడ్డుకు వచ్చాడు. అడవికి పెద్ద అయిన దున్న పోలినాయుడు లేచి నిలబడ్డాడు. నాయుడి మనసు చెడ్డది కాదు. కాకపోతే పొగిడితే కరుగుతాడు, కరిగినప్పుడు బుర్ర కూడా కరుగుతుంది.

"ఇదేటి గవిరీ, రెండు వైపులా బుంగలు?"

"బుంగలు కావు నాయుడుగారూ, షాకబ్జార్లు. ముందు చక్రానికొకటి, వెనక చక్రానికొకటి. లోపలంతా గాలే. రాళ్ళ మీద పోయినా పరుపు మీద పోయినట్టుంటుంది. కొండదారుల కోసమే చేసిన బండి. పసిపిల్లల మందు ఆ డొక్కు ఇనుము మీద పోతుంటే చూడలేక తెచ్చాను."

"మరి నీకేం కావాలి?"

"నాకేం కావాలండీ. ఇకనుంచి మందుబండి ఇదే అనండి. దీన్ని నడపగలిగినవాళ్ళు నడుపుతారు. నడపలేనివాళ్ళు పక్కకు తప్పుకుంటారు. అవసరమైతే నేనున్నాను."

జీలుగుమెట్టలో ఏ కొత్త వస్తువొచ్చినా వాడి చూసినవాళ్ళు బుట్టలో ఉసిరికాయలు వేస్తారు. బాగా నచ్చితే అయిదు, అసలు నచ్చకపోతే ఒకటి. వేస్తూ తమ మాట చెప్పాలి. బుట్ట పట్టుకునేది కోతి తవిటయ్య.

మొదట నాయుడు ఎక్కాడు. ఎక్కేముందు గవిరెయ్య వంగి, "దుమ్ముందండీ, తుడుస్తాను" అని ఆ గుబురు తోకతో షాకబ్జార్లు తుడిచాడు. ఫుస్ ఫుస్ మని సన్నగా ఏదో వినబడింది. నాయుడు వాగు నుంచి పనసచెట్టు నీడదాకా వెళ్ళి వచ్చాడు. ఏభై అడుగులు. చదును నేల.

"ఊయల" అన్నాడు కళ్ళు మూసుకుని. "అచ్చం ఊయల." అయిదు కాయలు.

తర్వాత ఎలుగుబంటి జోగన్న. మళ్ళీ తుడుపు, మళ్ళీ ఫుస్. జోగన్న రెండు చెట్టువేళ్ళ మీదుగా పోయి వచ్చి, "ఈగలు లేని తేనెపట్టు మీద కూర్చున్నట్టుందిరా గవిరీ" అన్నాడు. అయిదు.

తవిటయ్య ఎక్కనే లేదు. హ్యాండిలు మీద కూర్చుని, గంటలో తన మొహం చూసుకుని, "రంగు అదిరింది" అని తనే ఓ అయిదు వేసుకున్నాడు. అంతకుముందు గవిరెయ్య పెట్టిన పనసతొన ఇంకా వాడి బుగ్గలోనే ఉంది.

ఆఖరికి దాలమ్మ వచ్చింది, వీపున మధ్యాహ్నపు మందు సొరబుర్రతో. ఎక్కేముందు బండి ఒళ్ళంతా తడిమి చూసుకోవడం ఆమె నాలుగేళ్ళ అలవాటు. వెనక షాకబ్జారు కడ్డీ మీద, అది ఎంత నొక్కుకుంటే అంత జారే సన్నటి రబ్బరు ఉంగరం కనిపించింది. జోగన్న బరువుకు అది కడ్డీ మధ్యదాకా జారి ఉంది. గిట్టతో దాన్ని మొదట్లోకి తోసింది.

"నాకు తుడవవా గవిరెయ్యా?"

"నీకెందుకప్పా, తేలికపాటి దానివి."

దాలమ్మ కొండ ఎక్కింది. మెట్లబండ పక్క మలుపుదారిన పైకి వెళ్ళి, బండి తీరు తెలుసుకుందామని బండ మీదుగా దిగింది. ఒకటో మెట్టు వెన్నులో దిగింది. రెండోది పళ్ళలో దిగింది. నాలుగో మెట్టు దగ్గర సైకిలు కొమ్ము విసిరిన ఎద్దులా ఆమెను ఎత్తి పారేసింది. మోకాలు చీరుకుపోయింది. సొరబుర్ర పగిలి సగం మందు రాతి పాలైంది. మిగిలిన సగం ఆకులో పట్టుకుని కుంటుకుంటూ పైకి నడిచి, కంచె దగ్గర కాచుకున్న పెట్ట నూకాలుకు ఇచ్చింది. ఆ పూట తెగులు తగిలిన పదకొండు పిల్లల్లో అయిదింటికే మందు అందింది.

కిందికొచ్చి దాలమ్మ బుట్టలో ఒకే ఒక్క కాయ వేసింది. "నా కింద ఈ బండి బండరాయి. షాకబ్జారు ఉన్నదో లేదో నాకు తెలీదు, దెబ్బ మాత్రం తెలిసింది."

గవిరెయ్య పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా. పదిహేను కాయలు ఒకవైపు, పుచ్చుకాయ ఒకటి ఇంకోవైపు."

నాయుడు గొంతు సవరించుకున్నాడు. "ఇంతమందికి బాగున్నది నీ ఒక్కదానికే ఎందుకు బాగోలేదమ్మీ?"

ఈ ప్రశ్న ఎన్ని నోళ్ళు మూయించిందో ఏ అడవీ చెప్పలేదు. మోకాలి నుంచి రక్తం కారుతున్నదాన్ని ఆ రక్తానికి సంజాయిషీ అడగడం. నీడలో ఊగి వచ్చినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

"తేలికవాళ్ళ మాట కూడా తేలికే కదండీ" అన్నాడు గవిరెయ్య మెత్తగా. "పోనీ, పాపం, విశ్రాంతి తీసుకోనివ్వండి. రేపటి నుంచి మందు నేను మోస్తాను."

ఆ మాట వినడానికే అన్నట్టు అప్పుడే నూకాలు కొండ దిగి వచ్చింది. "నక్కకు మా కంచె తలుపు తీయాలా నాయుడుగారూ? మా పిల్లలకు మందేసి, బతికించి, ఈయనగారికి వడ్డించాలా?"

"నేనేం చేసేదే నూకాలూ, కాయలు అలా పడ్డాయి."

"కాయలు వేసినవాళ్ళ పిల్లలు పైన ఉన్నారా?"

దాలమ్మ కుంటుతూ సైకిలు దగ్గరకు వెళ్ళి వెనక కడ్డీ మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. లేచి అంది: "నాయుడు మావా, ఒక్క రోజు ఇవ్వు. రేపు పొద్దున మెట్లబండ మీద సభ పెట్టు. అందాకా ఈ సైకిలు నీ కొమ్ముల కింద ఉండాలి. ఎవరూ ముట్టకూడదు. తుడవడానికైనా సరే."

"తుడిస్తే తప్పేముందప్పా?" అన్నాడు గవిరెయ్య, కాస్త తొందరగా.

"తప్పు లేకపోతే తుడవకపోయినా తప్పు లేదు."

నాయుడికి ఆ మాట నచ్చింది. సైకిలు పక్కనే పడుకున్నాడు. మర్నాటి పొద్దుటి మందు దాలమ్మ పాత సైకిలు మీదే, ఒంటి మోకాలితో, పైకి చేర్చి వచ్చింది.

సభకు కోళ్ళన్నీ చెట్లెక్కి కూర్చున్నాయి. దాలమ్మ నాయుడి ఎదుటే నిలబడింది.

"మావా, మందుదారి కొండ మీద ఉందా, పనసనీడలో ఉందా?"

"కొండ మీదే."

"నువ్వు తొక్కింది ఎక్కడ?"

నాయుడు చెవులాడించాడు. "అదీ... వాగు దగ్గర."

"జోగన్నా, నువ్వు?"

"రెండు వేళ్ళు దాటానమ్మా."

"తవిటయ్యా?"

"నాకు రంగు నచ్చింది" అన్నాడు తవిటయ్య. బుగ్గ ఖాళీగా ఉండటం వల్లనేమో గొంతు కాస్త చిన్నబోయింది.

"పదిహేను కాయలు. వాటిలో ఒక్కటైనా ఈ బండ చూసిందా? ఈ బండ మీద తొక్కిన కాయ ఒకటే, దాన్ని పుచ్చుకాయన్నారు. సరే, మాటలు వద్దు. జోగన్నా, ఒకసారి ఎక్కి కూర్చో. ముందు ఈ ఉంగరాన్ని మొదట్లోకి తోస్తున్నాను, అందరూ చూడండి."

జోగన్న కూర్చుని దిగాడు. ఉంగరం జానెడు కడ్డీలో బెత్తెడు జారింది. మళ్ళీ తోసి దాలమ్మ తను కూర్చుంది. ఎగిరెగిరి కూర్చుంది. దిగి చూపించింది. ఉంగరం తోసిన చోటే ఉంది.

"ఇదేం మాయ?" అన్నాడు నాయుడు.

"మాయ కాదు మావా, గాలి. లోపలున్నది జోగన్న బరువుకు కొట్టిన గాలి. నా బరువుకు అది రాయి. నువ్వెక్కేముందు గాలి నీకు సరిపడా మార్చారు, జోగన్న ఎక్కేముందు జోగన్నకు సరిపడా మార్చారు. నా వంతు వచ్చేసరికి దుమ్ము లేదట. నేను పడాలనే ఎలుగుబంటి గాలి మీద నన్ను కొండకు పంపారు. సైకిలు తప్పేం లేదు ఇందులో. గాలి మార్చే చిన్న పంపు ఒకటుంటుంది, అది ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది."

గవిరెయ్య చెయ్యి దానంతటదే తోక మీదికి పోయింది.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తోకెందుకు తడుముకుంటున్నావు బాబూ?" అంది పైనుంచి నూకాలు.

"దురద" అన్నాడు గవిరెయ్య. వెంటనే గొంతు పెంచాడు. "ఇదంతా కట్టుకథ నాయుడుగారూ. బండి అందరికీ ఒకటే. నడపడం రానివాళ్ళు ఉంగరాలూ గాలులూ అని సాకులు వెతుకుతారు. ఆమె చెప్పేది పచ్చి అబద్ధం."

దాలమ్మ అందుకోసమే కాచుకుని ఉంది. "విన్నావా మావా? ఎక్కినదాని మాట అబద్ధమన్నాడు. మన కట్టుబాటు ఏమిటి?"

నాయుడు నెమ్మదిగా, కంఠతా వచ్చిన పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఎక్కినవాళ్ళ మాట అబద్ధమన్నవాడు అదే బండి, అదే దారిలో, ఉన్నదున్నట్టు ఎక్కి చూపించాలి."

"ఎక్కుతాను. నాకేం భయమా? ఒక్కసారి దుమ్ము తుడిచి..."

"నాకు తుడవలేదుగా" అంది దాలమ్మ. "నువ్వు నాకన్నా తేలిక, బాబూ. నీకసలే అక్కర్లేదు."

చెట్ల మీద నూరు కోళ్ళు, కింద దున్న, వెనక ఎలుగు. పారిపోతే తప్పు ఒప్పుకున్నట్టు. ఎక్కితే ఏమవుతుందో ఆ గాలి కొట్టినవాడికంటే ఎవరికి బాగా తెలుసు? పరువు కోసం గవిరెయ్య ఎక్కాడు.

ఒకటో మెట్టు దగ్గర టోపీ పోయింది. రెండో మెట్టు దగ్గర నవ్వు పోయింది. మూడో మెట్టు దగ్గర, "నాయుడుగారో" అని కేక వినిపించింది. నాలుగో మెట్టు దగ్గర సైకిలు ఒక దారిన, గవిరెయ్య ఇంకో దారిన పోయారు. గవిరెయ్య పోయిన దారి తిన్నగా దూలగొండి పొదలోకి ఉంది. అతని తోకలోంచి వేలెడంత పంపు ఒకటి జారి, రాయి మీద టింగుమని పడి, దొర్లుకుంటూ వచ్చి నాయుడి గిట్ట దగ్గర ఆగింది.

నాయుడు దాన్ని చూశాడు. పంపును చూసినంతసేపూ దాలమ్మ మోకాలి వైపు చూడలేకపోయాడు. తర్వాత బుట్టలోంచి తన అయిదు కాయలూ ఏరి వాగు వైపు విసిరేశాడు. జోగన్న కూడా తీసుకున్నాడు, కాకపోతే తినేశాడు. తవిటయ్య మిగిలిన కాయలను గుర్తు లేనట్టు చూస్తుంటే నూకాలు ఒక్క రెక్కతో బుట్ట బోర్లించింది.

దాలమ్మ పంపు తీసుకుని గాలి వదులుతూ, కూర్చుని చూసుకుంటూ, మళ్ళీ వదులుతూ ఉంగరం తన బరువుకు పావుభాగం జారేదాకా సరిచేసుకుంది. తర్వాత ఎక్కి పైకి పోయింది, బండ మీదుగా ఏడు మెట్లూ దిగి వచ్చింది. వచ్చి బుట్టలో నాలుగు కాయలు వేసింది.

"ఇప్పుడు నాలుగా?" అన్నాడు నాయుడు ఆశ్చర్యపోతూ.

"మంచి బండి మావా. దిగుడులో చక్రం రాయిని పట్టుకునే దిగుతుంది, వెన్ను నొప్పి లేదు. ఎక్కుడులో మాత్రం ఊగి ఊగి బలం తాగేస్తుంది. ఊగకుండా బిగించే మీట ఒకటుంది గానీ అది నా గిట్టకు అందదు. అందుకే ఒక కాయ తక్కువ."

"ఇంత జరిగాక కూడా, నీకు దక్కిన బండికే వంక పెడతావా?"

"ఉన్నది చెప్పకపోతే నాకూ తవిటయ్యకూ తేడా ఏముంది? రేపు ఇంకెవరో నా మాట నమ్మి ఎక్కుతారు."

ఆ సాయంత్రం పదకొండు పిల్లలకూ మందు అందింది. కంచె తలుపు మందుబండికి తెరుచుకుని, బండి వెనకే మూసుకుంది.

దూలగొండి పొద దగ్గరకు తవిటయ్య బుట్ట పట్టుకుని వెళ్ళాడు. "గవిరి బావా, ఇప్పుడు నువ్వూ ఎక్కావు కదా. నీ పేరున ఎన్ని కాయలు వేయమంటావు?"

గవిరెయ్య వేళ్ళు చూపించి చెబుదామనుకున్నాడు గానీ, గోక్కోవడం నుంచి ఒక్క చెయ్యీ ఖాళీ కాలేదు.

నీతి: బండి సంగతి నీడలో ఊగినవాళ్ళను అడక్కండి, ఆ దారిన పడి లేచినవాళ్ళను అడగండి.