రాజుగారి దాహం, చీమల సాక్ష్యం

ఎడారికి అవతల, ఖర్జూరతోటల నీడలో ఒక రాజుండేవాడు పిల్లలూ. పేరు జుబైరు. ఒక వేసవిలో ఆయనకు దాహం పట్టుకుంది. కుండ తాగితే కుండంత దాహం, బాన తాగితే బానంత దాహం. తాగిందంతా మూత్రమై పోయేది. కోటబయటి నీటిచక్రంలా, బొక్కెన నిండటమూ ఒలకడమూ ఒకటే. మనిషి మాత్రం ఎండుకర్రయ్యాడు.

ఆ దేశంలో రాజు దాహమంటే మంచినీళ్లివ్వడం మర్యాద కాదు, షర్బత్తే ఇవ్వాలి. జర్గూను అనే మాంత్రికుడు పూటకో కూజా మంత్రించి తెచ్చేవాడు. "ఇది మానితే ప్రాణం పోతుంది ప్రభూ" అనేవాడు. రాజు చిక్కినకొద్దీ వాడు లావయ్యాడు. రాజు కన్నుమూస్తే సింహాసనమెక్కాలని వాడి ఆశ.

పెద్దకొడుకు మూడు కొండలు దాటి ఊటనీళ్లు తెచ్చాడు. దాహం తీరలేదు. నడిపివాడు ఆరు కొండలు దాటి మంచుగడ్డ తెచ్చాడు. దాహం తీరలేదు. చిన్నవాడు ఇలియాసు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని ముసలిదాది చెబితే బయల్దేరాడు. కోట దొడ్డిగుమ్మం దగ్గర చీమలబారు అడ్డొస్తే, గుర్రాన్నాపి అవి పోయేదాకా నిలబడ్డాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడోది దాటేసరికి తెడ్డెత్తడానికి చేతులు రాలేదు. చిలుక గిన్నెలో షర్బత్తు తాగుతోంది. మెడ పట్టుకుంటే రాయిలా ఉంది.

"అలిసిపోయావు గదా, పాపం" అంది చిలుక. "మీ నాన్న తాగే ప్రతి గుక్కా నా గిన్నెలో పడుతుంది. ఆయన మానితేగాని నేను చావను. ఆయన మానడు."

ఇలియాసుకు ఏడుపు కూడా రాలేదు. వచ్చిన ఏడు సముద్రాలూ మళ్లీ దాటాడు.

దొడ్డిగుమ్మం దగ్గర కూలబడితే ముసలిచీమ పలకరించింది. "ఎందాకా వెళ్లొచ్చావు బాబూ?"

"ఏడు సముద్రాలు."

"మేం గుమ్మమే దాటలేదు. ఆనాడు మాకోసం గుర్రాన్నాపావు గనక చెబుతున్నా. రాజుగారు మూత్రం పోసేచోట మాకు రోజూ తేనెవిందు."

ఇలియాసు లేచి హకీము ఇంటికి నడిచాడు. ముసలి హకీముకు చూపానదు. రోగుల మూత్రం గాజుసీసాలో చూసి జబ్బు చెప్పేది కూతురు సఫియా. ఆమె వేళ్లకు మెంతుల వాసన. ఆ వాసన దగ్గర ఇలియాసు అలసట కాసేపు కూర్చుంది.

సఫియా రాజు మూత్రాన్ని రాజెదుటే మరిగించింది. అడుగున తేనెలాంటి ముద్ద మిగిలింది. చీమలు మూగాయి.

"మీరు తాగిన తీపి ఇదిగో ప్రభూ. ఒంటికి పట్టకుండా పోతోంది, పోతూ దాహాన్ని పెంచుతోంది."

జర్గూను నవ్వాడు. "చీమల సాక్ష్యమా?"

రాజు తన కొడుకు అరచేతులు చూశాడు. అన్నీ బొబ్బలే. కూజా పక్కకు తోశాడు.

మొదటిరోజు అందర్నీ తిట్టాడు. రెండోరోజు బతిమాలాడు. మూడోరోజు సఫియా నూరిన మెంతులు మింగి, మంచినీళ్లు తాగి నిద్రపోయాడు. ఏడు సముద్రాల అవతల గిన్నె ఎండి చిలుక రాలింది. ఇక్కడ జర్గూను కూలాడు.

ఇలియాసుకూ సఫియాకూ పెళ్లయింది. విందులో రాజుకు మొదట అందించింది మంచినీళ్లే. జబ్బు పోలేదు, లొంగింది. రాజు మరో ముప్పై ఏళ్లు ఏలాడు. తేనెవిందు పోయిన చీమలకోసం ఇలియాసు రోజూ గుమ్మం దగ్గర ఒక ఖర్జూరం పెట్టేవాడు. పొద్దున్నే నడకకు బయల్దేరిన రాజు దాని ముందు కాసేపాగి, నిట్టూర్చి, దాటి వెళ్లేవాడు.